ఫోన్‌లో చికిత్స సరే, అది ఏ భాషలో?

ఇంటికే చికిత్స వచ్చేసిందని ఈ మధ్య ఎక్కడ చూసినా ప్రకటనలే. పక్షవాతం వచ్చిన మనిషికి, నడవలేని బిడ్డకు, ఆటిజం ఉన్న పిల్లవాడికి ఇక ఆసుపత్రి మెట్లెక్కే పని లేదట. ఫోన్‌ని గోడకు ఆనించి ఎదురుగా కూర్చుంటే చాలు, అవతల థెరపిస్టు చూసుకుంటారట. ఈ మాటలో నిజం ఉంది. నిజం లేకపోతే మేము దీని గురించి రాసే అవసరమే ఉండేది కాదు. మా తగాదా ఫోన్‌తో కాదు. ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంది, అందులోంచి వచ్చే మాట ఏ భాషలో ఉంది, ఆ మాట విని రోజంతా ఒళ్లు వంచేది ఎవరు అన్న దగ్గరే మా తగాదా. హోసూరు, కోలారు, బళ్లారి, బరంపురం, రాయగడ, షోలాపూర్, భివండీ, యానాంలలో తరతరాలుగా బతుకుతున్న తెలుగువాళ్లకు ఇవి చర్చావేదికల్లో పుట్టిన ప్రశ్నలు కావు. మంచం పక్కన పుట్టిన ప్రశ్నలు.

ముందు ఆక్యుపేషనల్ థెరపీ అంటే ఏమిటో చెప్పుకోవాలి. మన సంఘాల్లో చాలామందికి ఆ పేరే తెలియదు. ఆసుపత్రిలో ‘ఓటీ’ అంటే మనకు ఆపరేషన్ థియేటరే. కొందరు దీన్ని ‘వృత్తి చికిత్స’ అని తెలుగు చేశారు. విన్నవాళ్లు ఉద్యోగం ఇప్పించే చికిత్స కాబోలు అనుకుంటారు. కాదు. మనిషి రోజూ తన చేతులతో తాను చేసుకునే పనులు ఇందులో అసలు విషయం. అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకోవడం, చెంబుతో నీళ్లు పోసుకోవడం, చీర కుచ్చిళ్లు పెట్టుకోవడం, లుంగీ కట్టుకోవడం, ఒంటి చేత్తో చొక్కా బొత్తాలు పెట్టుకోవడం, బడిపిల్ల పెన్సిల్ పట్టుకోవడం, నేతగాడు మళ్లీ మగ్గం ముందు కూర్చోవడం. స్థూలంగా చెప్పాలంటే, కాలికి బలం తెప్పించడం ఫిజియోథెరపిస్టు పని అయితే, ఆ కాలితో రాత్రిపూట పడిపోకుండా మరుగుదొడ్డికి ఎలా వెళ్లి రావాలో నేర్పేది ఆక్యుపేషనల్ థెరపిస్టు.

క్రైస్తవులకు ఈ పని కొత్తగా అనిపించకూడదు. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో 1940ల చివర్లో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు వల్ల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్సలు మొదలుపెట్టారు. వేళ్లు తెరుచుకున్నాయి. కానీ స్పర్శ తెలియని ఆ చేతులతో వేడి గిన్నె పట్టుకుంటే కాలుతుంది, ఉలి పట్టుకుంటే తెగుతుంది, తెగినట్టు కూడా తెలియదు. అందుకని ఆ చేతులతో బతకడం నేర్పాల్సి వచ్చింది, వడ్రంగం నేర్పాల్సి వచ్చింది. అదే కాలేజీ డాక్టరు మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడి, చక్రాల కుర్చీలోంచే శస్త్రచికిత్సలు చేసి, తర్వాత అక్కడి పునరావాస విభాగాన్ని నిలబెట్టారు. చిత్తూరు, కోలారు వైపు తెలుగు కుటుంబాలు ‘వేలూరు తీసుకెళ్లాం’ అని చెప్పుకోవడం మన ఇళ్లలో మామూలు మాట. దేశంలో, ఆసియాలోనే, మొదటి ఆక్యుపేషనల్ థెరపీ పాఠశాల 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్కర్ పూనికతో మొదలైంది. బొంబాయి మిల్లుల్లో మన పద్మశాలి కుటుంబాలు పనిచేస్తున్న రోజులవి. డెబ్బై అయిదేళ్లు గడిచాయి. భివండీ పవర్‌లూమ్ షెడ్డులో కుడి చేయి పడిపోయిన కార్మికుడికి ఈ చికిత్స పేరు ఇంకా తెలియదు.

ఇక ఫోన్ సంగతి. ‘ఫోన్‌లో ఏం చికిత్స, మొహం చూసి మాట్లాడుకోవడానికా’ అని ఎకసెక్కం చేసేవాళ్లున్నారు. వాళ్లది పొరపాటు. ఆసుపత్రిలో థెరపిస్టుకు కనబడనిది ఫోన్‌లో కనబడుతుంది: రోగి ఇల్లు. అమ్మా, ఒకసారి ఫోన్ పట్టుకుని స్నానాల గదికి నడవండి అంటారు. గడప ఎంత ఎత్తుందో, నేల నునుపు బండా కాదా, పట్టుకోవడానికి గోడకు ఏమైనా ఉందా లేదా చూస్తారు. వంటింట్లో పొయ్యి నేల మీదుందా గట్టు మీదుందా చూస్తారు. ఆసుపత్రిలో ప్లాస్టిక్ కోన్లు పేర్పించే బదులు ఆ ఇంట్లోని గ్లాసుల్నే పేర్పిస్తారు, చపాతీ పిండినే పిసికిస్తారు. చెంచా జారిపోతుంటే కాడకు గుడ్డ చుట్టి లావు చేయమంటారు. పళ్లెం కదిలిపోతుంటే కింద తడిగుడ్డ పరచమంటారు. పడిపోయిన వైపు చేతిని ఒళ్లో వదిలేయకుండా బల్ల మీద కనబడేలా పెట్టించి, మంచి చేతితో పాటు దాన్నీ పనిలోకి దింపుతారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డను ఎత్తుకునే తీరు, అన్నం తినిపించేటప్పుడు కూర్చోబెట్టే తీరు తల్లికి చూపించి, ఆమె చేస్తుంటే చూసి సరిదిద్దుతారు.

ఇది ఊసుపోక చెబుతున్న మాట కాదు. 2019లో అమెరికాలో 11 కేంద్రాల్లో 124 మంది పక్షవాత రోగులతో జరిపిన పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. చేతి కదలిక కోసం ఒక్కొక్కరికి 36 విడతలు, ఒక్కో విడత 70 నిమిషాలు. కొందరికి ఆసుపత్రిలో, కొందరికి ఇంట్లోనే తెర ద్వారా. రెండు గుంపులవాళ్లూ దాదాపు సమానంగా మెరుగుపడ్డారు. ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య 2014లోనే, కరోనాకు ఎంతో ముందే, దూరం నుంచి చేసే చికిత్సను తమ పనిలో సక్రమమైన పద్ధతిగా ఒప్పుకుంది. ఎదురుగా చేసే చికిత్సకు ఏ ప్రమాణమో దీనికీ అదే ప్రమాణం ఉండాలని షరతు పెట్టింది.

అయితే ఆ అమెరికా పరిశోధనలో ఒక సంగతిని ప్రకటనల వాళ్లు చెప్పరు. కంప్యూటరు, ఇంటర్నెట్టు, బల్ల, కుర్చీ, చేతి ఆటల పరికరాలు అన్నీ పరిశోధకులే రోగుల ఇళ్లకు పంపారు. సగం విడతల్లో థెరపిస్టు తెర మీద ప్రత్యక్షంగా కూర్చున్నారు. మన దగ్గర ‘ఇంటికే చికిత్స’ అంటే ఏమిటి? పగిలిన అద్దమున్న ఒక్క ఫోను, అది కూడా కొడుకు పని నుంచి వచ్చాక దొరికేది, రోజు డేటా అయిపోయాక ఆగిపోయే బొమ్మ. రెండింటికీ ఒకే పేరు పెట్టి అమ్మడం మోసం.

ఫోన్ చేయలేనివీ ఉన్నాయి, అవీ చెప్పాలి. బిగుసుకుపోయిన మోచేయి ఎంత బిగుసుకుందో వేళ్లతో తాకి చూస్తేనే తెలుస్తుంది. చేతికి స్ప్లింట్ కొలత తీసి మలచడం తెర మీద అయ్యేది కాదు. వెన్ను కింద పుండు మొదలైందో లేదో మసక వీడియోలో తేలదు. మింగడంలో ఇబ్బంది ఉన్న మనిషికి ఫోన్‌లో చెప్పి అన్నం తినిపించడం ప్రమాదం. కాబట్టి మొదటి పరీక్ష ఎదురుగా జరగాలి, మధ్యమధ్యలో మళ్లీ ఎదురుగా చూడాలి, మిగతాది ఫోన్‌లో నడవాలి. ‘అంతా ఫోన్‌లోనే’ అనే కేంద్రం కనబడితే మీరు దూరంగా ఉండండి. పిల్లవాడికి ఆటిజం అని తెలిసి భయంలో ఉన్న తల్లిదండ్రులకు థెరపిస్టే లేని యాప్‌ను నెలకు ఇంతని అమ్మేవాళ్లను ఇంకా దూరం పెట్టండి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం, భాష ప్రశ్నకు. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో 40 లక్షలకు పైగా, కర్ణాటకలో 35 లక్షలకు పైగా, మహారాష్ట్రలో సుమారు 13 లక్షలు, ఒడిశాలో 6 లక్షలకు పైగా మంది తెలుగును మాతృభాషగా చెప్పుకున్నారు. వీళ్లలో బజారుకు వెళ్లే మగవాళ్లకు, బడికి వెళ్లే పిల్లలకు కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ వచ్చు. ఇంట్లోనే ఉండిపోయిన అవ్వకు రాదు, లేదా కూరగాయలు బేరం చేసేంతే వచ్చు. జబ్బు పడేది ఆ అవ్వ. మెదడుకు దెబ్బ తగిలినప్పుడు తర్వాత నేర్చుకున్న భాష చెదిరిపోయి తల్లి భాషే మిగిలినవాళ్లూ ఉంటారు. అలాంటి మనిషి ముందు ఫోన్ పెడితే అవతల థెరపిస్టు హిందీలోనో ఇంగ్లీషులోనో ‘భుజం పైకెత్తకుండా మోచేయి మాత్రమే చాచండి’ అంటారు. డాక్టరు మాట తప్పుగా అర్థమైతే మాత్ర చీటీ ఉంటుంది, మందుల షాపువాడు ఉంటాడు. థెరపీలో మాటే మాత్ర. మాట తప్పితే చికిత్సే తప్పుతుంది, భుజం నొప్పి కొత్తగా వచ్చి చేరుతుంది.

అప్పుడేం జరుగుతుంది? తొమ్మిదో తరగతి మనవరాలిని పిలుస్తారు. ఆ పిల్ల మధ్యలో నిలబడి నాయనమ్మ మలవిసర్జన గురించి, ఒంటి మీద బట్ట నిలవకపోవడం గురించి అటూ ఇటూ చెప్పాలి. నాయనమ్మ సిగ్గుతో సగం చెప్పదు. మనవరాలు సిగ్గుతో ఇంకో సగం చెప్పదు. అవతల థెరపిస్టు ‘రోగి సహకరించడం లేదు’ అని రాసుకుంటారు. మామగారి స్నానం గురించి కోడలు పరాయి మగవాడితో ఫోన్‌లో మాట్లాడాల్సి వచ్చే ఇళ్లూ ఉన్నాయి. దీన్ని మేము చిన్న అసౌకర్యం అనం. వృద్ధుల గౌరవం మీద పడిన దెబ్బ అంటాం.

జ్ఞాపకశక్తి పరీక్షల్లో ఇది మరీ ఘోరం. తారీఖు చెప్పండి, ఈ అయిదు మాటలు గుర్తు పెట్టుకోండి, ఈ బొమ్మ పేరు చెప్పండి అని పరాయి భాషలో అడిగితే బాగా ఉన్న మనిషి కూడా తడబడతాడు. మతి పోయిందని రాసేస్తారు. విచిత్రం ఏమిటంటే, హైదరాబాదు నిమ్స్ వైద్యులు 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన పరిశోధనలో, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. సరిహద్దుల్లో బతికే మన జనానికి రెండు మూడు భాషలు పుట్టుకతో వచ్చిన ఆస్తి. ఆ ఆస్తి ఉన్నవాళ్లనే తప్పు భాషలో పరీక్షించి తెలివితక్కువవాళ్లుగా లెక్క కడుతున్నారు.

‘తెలుగులో కావాలంటే హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న థెరపిస్టును ఫోన్‌లో పట్టుకోండి’ అని మాతో అన్నవాళ్లున్నారు. మంచి మాటే. రాష్ట్రం గీతలు దాటడమే కదా ఈ సాంకేతికత గొప్పతనం. షోలాపూర్ అవ్వ గుంటూరు థెరపిస్టుతో మాట్లాడగలిగితే అంతకంటే ఏం కావాలి? కానీ అక్కడ ఆగిపోతే కుదరదు. షోలాపూర్ ఇళ్లలో తెలుగు సగం మరాఠీతో కలిసి నడుస్తుంది. కోలారు తెలుగుకు కన్నడ ఒరవడి ఉంది. హోసూరు తెలుగుకు తన యాస తనకుంది. టీవీ తెలుగులో చెబితే అర్థం కాని మాటలు ఉంటాయి, థెరపిస్టు నవ్వకుండా వినాలి. ఇంకొకటి, తెలుగు మాట్లాడే మనవాళ్లలో చాలామంది తెలుగు చదవలేరు. బడి కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో జరిగింది. హైదరాబాదు నుంచి తెలుగు అక్షరాల్లో వ్యాయామాల కాగితం పంపితే అది గూట్లోకి పోతుంది. వాళ్లకు కావలసింది గొంతు. రెండు నిమిషాల వాయిస్ మెసేజ్, పక్కన ఆ ఇంట్లోనే తీసిన చిన్న వీడియో. ఖర్చు లేని ఈ పనిని ఎవరూ చేయరు, ఎందుకంటే ‘ప్రాంతీయ భాషలో సమాచారం ఇచ్చాం’ అని రాసుకోవడానికి ఒక పీడీఎఫ్ చాలు.

చట్టం సంగతి చూస్తే ఇంకా కడుపు మండుతుంది. 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజునే, కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. అవి నమోదైన డాక్టర్ల కోసం రాసినవి. థెరపిస్టులలాంటి వైద్య అనుబంధ వృత్తులవాళ్లు అందులో కనిపించేది ఎక్కడంటే, రోగి పక్కన కూర్చుని డాక్టరుకు ఫోన్ కలిపి సాయపడే ఆరోగ్య కార్యకర్తల జాబితాలో. తామే ఫోన్‌లో చికిత్స చేసే మనిషిగా థెరపిస్టును ఆ మార్గదర్శకాలు ఊహించలేదు. ప్రభుత్వ ఇ-సంజీవని కూడా డాక్టర్ల చుట్టూ కట్టిన ఏర్పాటే. 2021లో వైద్య అనుబంధ వృత్తులకు జాతీయ కమిషన్ చట్టం వచ్చింది, ఆక్యుపేషనల్ థెరపిస్టులు అందులో ఉన్నారు. రాష్ట్రాలు ఆరు నెలల్లో మండళ్లు పెట్టాలని చట్టం చెప్పింది. పెట్టలేదు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు మందలించి రెండు నెలల గడువు విధించాల్సి వచ్చింది. మహారాష్ట్రలో ఈ వృత్తికి 2002 చట్టంతో సొంత మండలి ఉంది. అక్కడి పాఠకులు థెరపిస్టు రిజిస్ట్రేషన్ నంబరు అడిగే హక్కు వాడుకోవాలి, అడిగితే చిన్నబుచ్చుకునేవాళ్లను నమ్మనక్కరలేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం 27వ సెక్షన్ పునరావాస సేవలు ప్రభుత్వ బాధ్యత అని చెబుతుంది, ‘ఆర్థిక సామర్థ్యం మేరకు’ అనే తోక తగిలించి. ఆ తోకే అన్నిటికీ సాకు. రాయగడ నుంచి కటక్ దగ్గరి ఓలట్‌పూర్‌లో ఉన్న జాతీయ పునరావాస సంస్థకు సుమారు నాలుగు వందల కిలోమీటర్లు. ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ చెప్పే పెద్ద సంస్థ అది. పడిపోయిన మనిషిని రాత్రంతా రైల్లో కూర్చోబెట్టి తీసుకెళ్లి, అరగంట చూపించుకుని, మళ్లీ రాత్రంతా రైల్లో తీసుకురావాలి. యానాం పరిస్థితి ఇంకా వింత. చుట్టూ ఆంధ్ర, పాలన ఎన్నో వందల కిలోమీటర్ల దూరాన ఉన్న పుదుచ్చేరి నుంచి. ఇలాంటి చోట్ల కోసమే కదా దూర చికిత్స పుట్టింది? కానీ అది ముందు చేరింది బెంగళూరు అపార్టుమెంట్లకు, ఇంగ్లీషు వచ్చిన తల్లిదండ్రులకు.

ప్రభుత్వాలకు ఇంకో ముద్దు మాట ఉంది: ‘కుటుంబమే చూసుకుంటుంది.’ ఇంట్లోవాళ్లకు నాలుగు వ్యాయామాలు నేర్పించి పంపేస్తే పక్షవాత రోగి బాగుపడతాడన్న ఆశను మన దేశంలోనే పరీక్షించారు. లూధియానా క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు ముఖ్య పాత్ర వహించిన ఆ పరిశోధనలో 14 ఆసుపత్రుల నుంచి 1250 మంది రోగులు ఉన్నారు. 2017లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. ఆరు నెలల తర్వాత, కుటుంబానికి శిక్షణ ఇచ్చిన రోగులకూ ఇవ్వని రోగులకూ చావులో, పరాధీనతలో తేడా కనబడలేదు. ఇంట్లోవాళ్ల ప్రేమ చాలదని దీని అర్థం కాదు. ప్రేమ ఉన్నంత మాత్రాన కోడలు థెరపిస్టు కాలేదని అర్థం. ఆమె వెనక శిక్షణ పొందిన మనిషి వారం వారం నిలబడాలి, చూడాలి, మార్చాలి. ఫోన్ ఇక్కడే పనికి వస్తుంది, ఆ మనిషిని వారం వారం తేవడానికి. ఆ మనిషినే తీసేసి ఫోన్ మిగిల్చితే అది కుటుంబాన్ని, ముఖ్యంగా ఆడవాళ్లను, జీతం లేని నౌకరీలో పెట్టడమే.

ఆ ఆడమనిషి చేతిలో ఫోన్ ఉందా అని కూడా ఎవరూ అడగరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు 33 శాతం, మగవాళ్లలో 57 శాతం. తెల్లారుజామున వీధులు ఊడ్చి వచ్చే చెన్నై తెలుగు పారిశుద్ధ్య కార్మికురాలు పదకొండు గంటల వీడియో కాల్‌కు ఎలా కూర్చుంటుంది? ఒంటిగది ఇంట్లో భర్తకు స్నానం చేయించే తీరు ఏ మూల నుంచి చూపిస్తుంది? ఆ వీడియో ఎక్కడ దాస్తున్నారు, ఎవరు చూస్తున్నారు అని ఆమె తరఫున ఎవరైనా అడిగారా?

ప్రభుత్వం తలుచుకుంటే గడప దాటి వస్తుందని తమిళనాడు చూపించింది. ‘మక్కళై తేడి మరుత్తువం’ పేరుతో ఇంటికే మందులు, ఫిజియోథెరపీ, నొప్పి ఉపశమన సేవలు అందించే పథకాన్ని 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలుపెట్టారు. తెలుగు ఇళ్లు నిండుగా ఉన్న జిల్లా అది. ఇంటికి వచ్చే ఆ కార్యకర్త చేతిలో ఒక మంచి ట్యాబు, దాని అవతల తెలుగు వచ్చిన ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉంటే చాలు, మేము పైన చెప్పిన సగం సమస్యలు తీరతాయి. తాకి చూసే చేయి ఇక్కడ ఉంటుంది, తెలిసిన మనిషి అక్కడ ఉంటుంది. ఇది ఊహాలోకం కాదు. ఉన్న రెండు ముక్కలను కుట్టడమే.

ఇప్పుడు మన ఇంటి సంగతి. 2020లో గుడి తలుపులు మూతపడ్డప్పుడు మన సంఘాలు ఎంత త్వరగా కెమెరాలు కొన్నాయో అందరం చూశాం. ట్రైపాడ్లు, మైకులు, మిక్సర్లు, వైఫై, కొన్ని చోట్ల గోడంత ఎల్ఈడీ తెర. ఆదివారం ఆరాధన అమెరికాలో ఉన్న బంధువులకు కూడా చేరింది. సంతోషమే. కానీ అవే కెమెరాలు, అదే వైఫై సోమవారం నుంచి శనివారం దాకా తాళం వేసిన గదిలో ఉంటాయి. రెండు వీధుల అవతల పక్షవాతంతో మంచం పట్టిన సంఘ పెద్ద థెరపిస్టుతో మాట్లాడటానికి సిగ్నల్ లేక మేడ మీదికి ఎవరైనా మోసుకెళ్తారా అని ఎదురుచూస్తాడు. ఇంటి పైకప్పు విప్పి పక్షవాయువు గల మనిషిని దించిన నలుగురి సంగతి సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. ఆ కథ మీద ప్రసంగించినప్పుడల్లా స్వస్థత గురించే చెబుతాం. మోసినవాళ్ల భుజాల గురించి చెప్పేది తక్కువ.

స్వస్థత కూడికల గురించి కూడా సూటిగా చెప్పాలి. ప్రార్థన మీద మాకు తగవు లేదు. పక్షవాతం వచ్చిన తర్వాత మొదటి మూడు నెలలు చాలా విలువైనవి, చేతి కదలిక ఎక్కువగా తిరిగి వచ్చేది ఆ రోజుల్లోనే. ఆ మూడు నెలలూ ఒక ఊరి కూడిక నుంచి ఇంకో ఊరి కూడికకు రోగిని తిప్పి, ‘విశ్వాసం ఉంటే కర్ర పారేయి’ అని వేదిక మీద అనిపించి, ఇంటికి వచ్చాక పడి తుంటి విరగ్గొట్టుకున్న మనిషి బాధ్యత ఎవరిది? కాపరులు ప్రార్థించాక ఒక ప్రశ్న అడిగితే చాలు: ‘అమ్మా, థెరపీ ఎక్కడ జరుగుతోంది?’ ఆ ప్రశ్న విశ్వాసానికి ఎదురు కాదని వేలూరు చరిత్రే చెబుతుంది.

‘ఇది ఆత్మీయ పని కాదు, ఎన్జీవోల పని’ అనే పెద్దలతో మేము వాదించి అలసిపోయాం. వాళ్ల కాలో చేయో పడిపోయేదాకా ఆ వాదన అలాగే ఉంటుంది.

యౌవనులారా, మీతో ఇంకో మాట. మన కుటుంబాల నుంచి నర్సింగుకు వెళ్లినవాళ్లు ఊరూరా ఉన్నారు, బెంగళూరు పుణేల్లో కంప్యూటరు ఉద్యోగాల్లో ఉన్నవాళ్లూ ఉన్నారు. ఆక్యుపేషనల్ థెరపీ నాలుగేళ్లకు పైగా సాగే డిగ్రీ. కర్ణాటకలో పుట్టి పెరిగి ఇంట్లో తెలుగు, బయట కన్నడం మాట్లాడే అమ్మాయి ఈ చదువు చదివితే ఆమెకున్నంత విలువ హైదరాబాదులో చదివినవాళ్లకు కూడా ఉండదు. ఇంటర్ అయిపోయిన పిల్లల ముందు మన పెద్దలు ఈ పేరు కనీసం ఉచ్చరించాలి. సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లు కొత్త యాప్ తయారు చేయాలని ఉత్సాహపడకండి, యాప్‌లు చాలానే ఉన్నాయి. ఒక థెరపిస్టు చెప్పిన సూచనలను మీ ఊరి తెలుగులో, మీ అవ్వకు అర్థమయ్యే మాటల్లో చదివి రికార్డు చేయండి. థెరపిస్టు విని సరేనన్నాకే ఇళ్లకు పంపండి.

ప్రభుత్వాలను ఏం అడగాలో కూడా తేలుగానే చెప్పవచ్చు. దూరం నుంచి చికిత్స చేసే థెరపిస్టులకు వాళ్ల పేరుతోనే మార్గదర్శకాలు రాయాలి. ఇ-సంజీవనిలో థెరపిస్టులను చేర్చి, రోగి రాష్ట్రాన్ని బట్టి కాక రోగి భాషను బట్టి కాల్ కలపాలి. రాయగడ రోగికి తెలుగు థెరపిస్టు విశాఖలో ఉంటే ఆ జీతం ఏ రాష్ట్రం ఇవ్వాలన్నది రాష్ట్రాలు కూర్చుని తేల్చుకోవలసిన లెక్క, రోగి తేల్చవలసింది కాదు. జిల్లా ఆసుపత్రిలో ఎదురుగా చూసే ఆక్యుపేషనల్ థెరపిస్టు పోస్టు భర్తీ చేయకుండా ఫోన్ సేవ చూపించడాన్ని ఒప్పుకోకూడదు. భాషా అల్పసంఖ్యాకుల కోసం రాజ్యాంగం 350బి అధికరణం కింద ఒక కమిషనర్ ఉన్నారు, ఆయన నివేదిక పార్లమెంటు ముందుకు వెళ్తుంది. మన అర్జీలు బడుల గురించీ పాఠ్యపుస్తకాల గురించీ వెళ్తుంటాయి, వెళ్లాలి కూడా. మంచం మీద ఉన్నవాళ్ల భాష గురించి కూడా వెళ్లాలి. ఒక్కో ఊరి సంఘం తమ దగ్గర ఇలాంటి రోగులు ఎందరున్నారో, ఏ భాషలో చికిత్స జరిగిందో పేర్లు బయటపెట్టకుండా లెక్క తీసి రాస్తే ఆ అర్జీకి బరువుంటుంది.

ఈలోగా గది తెరవండి. కావలసినవి ఎక్కువేమీ లేవు. చేతులున్న గట్టి కుర్చీ ఒకటి, మోచేతులు ఆనేంత ఎత్తున్న బల్ల, ఫోన్ నిలబెట్టే స్టాండు, లోపలి మాట బయటికి వినబడకుండా తలుపు, మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కేలా వాలుదారి. పక్కన కూర్చోవడానికి స్త్రీల సమాజం నుంచి ఒకరు, మగ రోగులైతే పురుషుల సహవాసం నుంచి ఒకరు, ఇద్దరూ విన్నది ఇంట్లో కూడా చెప్పనివాళ్లై ఉండాలి. మన గుడికి వచ్చేవాళ్లకే అని బోర్డు పెట్టవద్దు, వీధిలో ఎవరికైనా. మంగళవారం, గురువారం, ఉదయం పది నుంచి పన్నెండు దాకా తెరిస్తే మొదలుపెట్టడానికి చాలు.